ఇత్తడి గుల్ల కొలత

సికింద్రాబాదు పేరు చెప్పగానే మనకు మొదట స్ఫురించేది సైన్యం. మూడవ నిజాము సికందర్ జా పేరిట 1806లో ఏర్పడిన దండు చుట్టూ అల్లుకొన్న ఊరు ఇది. తుపాకి ఈ ఊరివారికి వింత వస్తువు కాదు. అయినా తుపాకి గురించి మనకు గల కుతూహలమంతా దాని గొట్టం మీదనో, గురి మీదనో, చప్పుడు మీదనో పోతుంది. ప్రేలిన తరువాత పక్కకు ఎగిరిపడే చిన్న ఇత్తడి గుల్ల సంగతి ఎవరికీ పట్టదు. ఈ పూట ప్రసంగం ఆ ఇత్తడి గుల్లను గురించినది. అందులోనూ ముఖ్యంగా దాని పొడవును గురించినది.

తూటా అనేది నాలుగు వస్తువుల కూడిక. ముందు ఉండేది గుండు. దానిని పట్టుకొని ఉండేది ఇత్తడి గుల్ల. గుల్ల లోపల మందు. గుల్ల అడుగున, నడిమధ్య, చిన్న గిన్నెవంటి ప్రైమరు. తుపాకి మేకు ఈ ప్రైమరును కొట్టగానే నిప్పురవ్వ పుట్టి మందుకు అంటుకొంటుంది. రైఫిలు తూటా గుల్ల సీసా ఆకారంలో ఉంటుంది. కాబట్టి దాని భాగాలకు సీసా భాగాల పేర్లే పెట్టారు: అడుగు, ఒళ్లు, భుజం, మెడ, మూతి. ఈ గుల్ల పోయి కూర్చొనే చోటు తుపాకి గొట్టం వెనుక భాగంలో, సరిగా దాని ఆకారానికే తొలిచిన అర. దానిని చేంబరు అంటారు. గుల్ల ఆ అరలో కూర్చొన్న తరువాత వెనుకనుంచి బోల్టు వచ్చి తలుపు మూసినట్టు మూస్తుంది.

ఈ గుల్ల ఎందుకు వచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనుకకు పోవలె. 1857లో సిపాయిల మనస్సులను కలచివేసిన ఎన్‌ఫీల్డు తూటా కాగితపు పొట్లం. పొట్లాన్ని పంటితో చించి, మందును గొట్టం మూతినుంచి పోసి, గుండును కడ్డీతో దిగగొట్టేవారు. ఆ తుపాకి వెనుక పక్క మూసి ఉండేది. అందువల్ల అక్కడ బిగింపు సమస్య లేదు. తుపాకిని వెనుకనుంచి నింపడం మొదలైన తరువాత కొత్త చిక్కు వచ్చింది. తెరిచి మూసే తలుపు ఎంత గట్టిగా ఉన్నా దాని సందులలోనుంచి మండే వాయువు పేల్చేవాని ముఖం మీదికి వస్తుంది. ఆ సందును పూడ్చడానికి వచ్చినదే లోహపు గుల్ల. 1866లో బ్రిటిషు సైన్యం స్నైడరు తుపాకి ప్రవేశపెట్టినప్పుడు దానికి తగిన లోహపు తూటాను బాక్సర్ అనే సైనికాధికారి రూపొందించాడు. ఆనాటినుంచి ఈనాటి వరకు గుల్ల చేసే ముఖ్యమైన పని మందును మోయడం కాదు, వాయువును ఆపడం.

దానిని అది ఎట్లా ఆపుతుందో చూడండి. 7.62 మిల్లీమీటర్ల రైఫిలు తూటా ప్రేలినప్పుడు అర లోపల చదరపు అంగుళానికి సుమారు 60 వేల పౌన్ల ఒత్తిడి పుడుతుంది. మన వంటింటి ప్రెజరు కుక్కరులో అది 15 పౌన్లు. అనగా ఒక కుక్కరు ఒత్తిడికి నాలుగువేల రెట్లు, చూపుడువేలు పొడవైనా లేని ఇత్తడి గుల్లలో. ఆ ఒత్తిడికి గుల్ల గోడలు ఉబ్బి అర గోడలకు అంటుకొనిపోతాయి. ఇక వాయువు వెనుకకు రావడానికి దారి లేదు. గుండు గొట్టం దాటిపోవడానికి సెకనులో వెయ్యోవంతు, మహా అయితే రెండు వెయ్యోవంతుల కాలం పడుతుంది. ఒత్తిడి తగ్గగానే ఇత్తడి తన సహజమైన సాగుగుణం వలన వెంట్రుకవాసి లోపలికి తగ్గి అరను వదలుతుంది. అందుకే గుల్ల తేలికగా బయటికి వస్తుంది. ఉబ్బవలసినప్పుడు ఉబ్బి, వదలవలసినప్పుడు వదిలే ఈ గుణం నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగం కలిపిన ఇత్తడిలో బాగా ఉన్నది. లోహశాస్త్రజ్ఞులు ఆ మిశ్రమాన్ని తూటా ఇత్తడి అనే పిలుస్తారు.

తూటాలో అన్నింటికన్నా ఖరీదైన భాగం ఈ గుల్లే. గుండు పోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమరు చితికిపోతుంది. గుల్ల మాత్రం మిగులుతుంది. అందుచేత దానికి కొత్త ప్రైమరు పెట్టి, మందు పోసి, గుండు బిగించి మళ్లీ వాడుకోవచ్చునన్న ఆలోచన లోహపు గుల్లతోపాటే పుట్టింది. 1884లోనే అమెరికాలో జాన్ బార్లో అనే ఆయన పట్టకారువంటి చిన్న పనిముట్టును తయారుచేసి అమ్మాడు. దానితో వేటగాళ్లు గుడారంలో కూర్చొని తూటాలు నింపుకొనేవారు. ఇప్పటికీ అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశాలలో ఇది వేలమందికి ఒక వ్యాసంగం. గురి పందాలలో పాల్గొనేవారు తమ తుపాకి కొలతలకు తగినట్టు తామే తూటాలు తయారుచేసుకొంటారు. మన దేశంలో పరిస్థితి వేరు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే ఎవరూ తూటాలు తయారుచేయకూడదు. మన క్రీడాకారులలో ఎక్కువమంది వాడేది గాలి రైఫిలు, కాకపోతే .22 రైఫిలు. గాలి రైఫిలుకు గుల్లే లేదు. .22 తూటాలో ప్రేలుడు పదార్థం అడుగు అంచు మడతలోనే ఉంటుంది. ఒకసారి మేకు దెబ్బ తిన్న అంచును మళ్లీ బాగుచేయలేము. కాబట్టి ఇక్కడ చెప్పబోయేది మీరు ఇంటిలో చేయవలసిన పని అని కాక, ఒక సునిశితమైన పనితనం ఎట్లా సాగుతుందో తెలుసుకోవడానికని భావించండి. అమెరికాలో ఉన్న బంధువులెవరైనా ఈ వ్యాసంగంలో పడి ఉంటే వారికి వినిపించండి.

అసలు చిక్కు ఏమిటంటే, ఒకసారి ప్రేలిన గుల్ల మొదటి గుల్ల కాదు. అది తాను కూర్చొన్న అర కొలతకు ఉబ్బి ఉంటుంది. దానిని మళ్లీ వాడాలంటే ఉక్కు డైలో పెట్టి నొక్కి ఒళ్లు సన్నం చేయవలె. ఇత్తడి నీరు కాదు గాని, ఇంత ఒత్తిడిలో నీటివలెనే ప్రవర్తిస్తుంది. పక్కలనుంచి నొక్కితే అది పోవడానికి మిగిలిన దిక్కు ఒక్కటే, మూతి వైపు. మెడ లోపలి వ్యాసాన్ని సరిచేసే గుండ్రని మొన బయటికి వచ్చేటప్పుడు మెడను మరికొంత లాగుతుంది. చపాతి పిండిని రెండు అరచేతుల మధ్య పెట్టి నలిపితే పాముగా సాగినట్టు గుల్ల కూడా ప్రతి ఆవృత్తికీ కొంత సాగుతుంది.

సాగితే ఏమవుతుంది? అరలో మెడ కూర్చొనే చోటు ముందు ఒక చిన్న మెట్టు ఉంటుంది. ఆ మెట్టు దాటిన తరువాత గొట్టం సన్నబడి గుండుకు మాత్రమే దారి ఇస్తుంది. గుల్ల పొడవు మితి మీరితే మూతి ఆ మెట్టును తాకుతుంది. బోల్టుకు గల బలం తక్కువది కాదు. పేల్చేవాడు కొంచెం గట్టిగా ఒత్తి మూస్తే అది మూసుకొంటుంది. అప్పుడు మూతి ఆ సన్నటి దారిలో ఇరుక్కొని, లోపలికి ముడుచుకొని, గుండును పటకారులా పట్టుకొంటుంది. ప్రేలినప్పుడు మెడ విచ్చుకొని గుండును వదలవలె, కాని విచ్చుకోవడానికి చోటు లేదు. గుండు ఆలస్యంగా కదులుతుంది. ఆ ఆలస్యం సెకనులో అణుమాత్రమే అయినా ఒత్తిడి ఈ లోపల పెరగరానంత పెరుగుతుంది. ప్రైమరు ఊడిపోవచ్చు, గుల్ల అడుగు పగలవచ్చు, బోల్టు దెబ్బతినవచ్చు. ఇదంతా జరిగేది పేల్చేవాని కుడికంటికి కొద్ది అంగుళాల దూరంలో. ఈ ప్రమాదానికి ముందస్తు హెచ్చరిక ఏదీ కంటికి కనబడదు. తూటా చూడడానికి తక్కిన వాటివలెనే ఉంటుంది. అందువల్ల కన్ను చూసి చెప్పలేని దానిని కొలిచి చెప్పవలసి వచ్చింది.

ఎంత తేడాకు ఇంత భయం అని మీరు అడుగవచ్చు. 7.62 తరగతికి చెందిన .308 వించెస్టరు గుల్ల పొడవు 51.18 మిల్లీమీటర్లకు మించకూడదు. మించితే దానిని 50.93కు కత్తిరిస్తారు. ఈ రెంటి మధ్య వ్యత్యాసం పావు మిల్లీమీటరు, ఇంచుమించు పోస్టుకార్డు మందం. పాత .303 తూటాకు ఈ అంకెలు 56.44, 56.18. బడిలో వాడే స్కేలుతో ఈ తేడా పట్టుబడదు. దీనికి కావలసినది వెర్నియరు కాలిపర్సు. ఫ్రాన్సు దేశస్థుడు పియేర్ వెర్నియే 1631లో ప్రకటించిన ఉపాయం అందులో ఉన్నది. పెద్ద స్కేలు మీద 49 మిల్లీమీటర్లు పట్టే చోటును జారే చిన్న స్కేలు మీద 50 భాగాలు చేస్తారు. రెండు గీతలు ఎక్కడ కలిశాయో చూస్తే మిల్లీమీటరులో యాభయ్యోవంతు తెలుస్తుంది. కంటికి లేని సూక్ష్మత కంటికే చేకూర్చిన ఇంత సరళమైన యుక్తి మరొకటి నాకు కనబడలేదు. బ్యాటరీతో అంకెలు చూపే కాలిపర్సులు ఇప్పుడు రాణీగంజి దుకాణాలలో దొరుకుతున్నవి. అవి పని తేలిక చేస్తాయి గాని సున్న దగ్గర సున్న చూపుతున్నదో లేదో ప్రతిసారీ చూసుకోవలసిన బాధ్యతను తొలగించవు.

సికింద్రాబాదు మే నెల ఎండలో ఇత్తడి వ్యాకోచించదా అని విజ్ఞానశాస్త్రం చదివిన శ్రోతకు సందేహం రావచ్చు. కొలతలకు ప్రపంచమంతటా ప్రమాణమైన ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. గది 40 డిగ్రీలు ఉంటే ఈ గుల్ల మిల్లీమీటరులో సుమారు యాభయ్యోవంతు పెరుగుతుంది. అయితే కాలిపర్సు ఉక్కు కూడా ఆ ఎండలోనే ఉన్నది. అదీ కొంత పెరుగుతుంది. మిగిలే తేడా నూరోవంతుకన్నా తక్కువ. కాబట్టి ఎండకు భయపడనక్కరలేదు. అప్పుడే పేల్చిన వేడి గుల్లను కొలవకుండా ఉంటే చాలు.

పని చేసే వరుస కూడా ముఖ్యమైనదే. ముందు డైలో నొక్కవలె, ఆ తరువాత కొలవవలె. గుల్ల సాగేది నొక్కినప్పుడు గనుక, ముందే కొలిచి సరిగా ఉన్నదని తృప్తిపడితే అది వృథా. కొలిచిన తరువాత ఎక్కువైన దానిని చిన్న తరిమెన పట్టువంటి సాధనంలో బిగించి, పిడి తిప్పుతూ మూతిని చెక్కుతారు. చెక్కిన మూతికి లోపలా వెలుపలా సన్నని ఇత్తడి ముళ్లు మిగులుతాయి. వాటిని చిన్న పదునుముక్కతో తీసివేయకపోతే గుండు పెట్టేటప్పుడు దాని పక్క గీసుకొనిపోతుంది. ఇది విసుగు పుట్టించే పని. నూరు గుల్లలకు నూరుసార్లు ఇదే. పదింటిని కొలిచి తొంభై సరిగానే ఉంటాయని అనుకొనేవారున్నారు. ఆ ఊహకు ఆధారం లేదు. ఒకే పెట్టెలోని గుల్లలు కూడా ఒక్క తీరున సాగవు.

పుస్తకంలోని అంకె సరే, మన తుపాకి అర నిజంగా ఎంత పొడవున్నదో తెలియవద్దా? తెలుసుకోవడానికి రెండు దారులున్నవి. ఒకటి అచ్చు తీయడం. బిస్మతు, సీసం, తగరం, కాడ్మియం కలిపిన ఒక లోహమిశ్రమం ఉన్నది. అది నీరు మరిగే వేడికంటే తక్కువలోనే, 70, 88 డిగ్రీల మధ్య కరుగుతుంది. దానిని ఖాళీ అరలో పోసి గడ్డకట్టిన తరువాత బయటికి తీస్తే అర ఆకారమంతా చేతికి వస్తుంది. ఆ మిశ్రమం మొదట కొంచెం ముడుచుకొని, మళ్లీ పెరిగి, సుమారు గంటసేపటికి సరిగా అర కొలతకు వస్తుంది. కాబట్టి ఆ గంట ఆగి కొలవవలె. తొందరపడినా, మరునాటికి వదిలివేసినా అంకె మారుతుంది. రెండవ దారి ఇంకా సులువు. ఒక పాత గుల్ల మెడను పొట్టిచేసి, అందులో బిగువుగా జారే చిన్న ఉక్కు మూతిని పొడుగ్గా ఉంచి అరలోకి తోస్తారు. అర మెట్టుకు తగిలినంత మేర అది వెనుకకు జారుతుంది. బయటికి తీసి కొలిస్తే అదే అర పొడవు. ఇట్లా కొలిచినవారికి తరచుగా కనబడేదేమంటే, కర్మాగారాలు అరలను పుస్తకపు అంకెకన్నా కొంత ఉదారంగానే తొలుస్తాయి. అయినా ఆ ఉదారతను చూసి గుల్లలను పొడుగ్గా వదలడం నాకు వివేకంగా తోచదు. అదే తూటా రేపు మరొకరి తుపాకిలోకి పోవచ్చు. సీసా ఆకారపు గుల్ల పావు మిల్లీమీటరు పొట్టిదైతే మెడముందు ఖాళీలో కొంత మసి పేరుకొంటుందే తప్ప మరే నష్టమూ లేదు. పిస్తోలు గుల్లల సంగతి వేరు. 9 మిల్లీమీటర్ల పిస్తోలు గుల్లకు భుజం లేదు. అది అరలో ఆగేది మూతి ఆధారంతోనే. దానిని అతిగా కత్తిరిస్తే ఆగవలసిన చోట ఆగదు.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవలె. మూతినుంచి మనం కత్తిరించి పారవేసిన ఇత్తడి ఎక్కడిది? గుల్లలో కొత్త లోహం పుట్టదు. అది ఒంటి గోడలనుంచి ముందుకు నడిచివచ్చినదే. తూటా ప్రేలినప్పుడు గోడలు అరకు అంటుకొని నిలిచిపోతే, అడుగు మాత్రం వెనుకకు నెట్టబడి బోల్టును తాకుతుంది. ఆ రెంటి మధ్య, అడుగుకు కొంచెం పైన, ఇత్తడి పలచబడుతుంది. బయట అక్కడ ఒక మెరిసే వలయం కనిపిస్తుంది. కొందరికి అది కనిపించేసరికి ఆలస్యమవుతుంది. అందుచేత అనుభవజ్ఞులు సన్నని తీగ కొనను కొక్కెంలా వంచి, పదునుచేసి, గుల్ల లోపల గోడ వెంట లాగుతారు. పలచబడిన చోట తీగ గాడిలో తట్టుకొంటుంది. తట్టుకొన్న గుల్లకు ఇక ఆయుష్షు లేదు. లేకుంటే తరువాతి ప్రేలుడుకు అడుగు ఊడి వస్తుంది, మిగిలిన గొట్టం అరలో ఇరుక్కుపోతుంది. మాటిమాటికీ కత్తిరించవలసి వస్తున్నదంటే అది మూతి దోషం కాదు. అర కొలతకూ డై కొలతకూ పొత్తు కుదరలేదన్నమాట. భుజాన్ని అవసరానికి మించి వెనుకకు నొక్కకుండా, మిల్లీమీటరులో ఇరవయ్యోవంతు మాత్రమే నొక్కేటట్టు డైని సరిచేసుకొంటే సాగడం చాలా వరకు తగ్గుతుంది.

ఈ విషయంలో పేరుమోసినది లీ ఎన్‌ఫీల్డు రైఫిలు, మన పోలీసు ఠాణాలలో దశాబ్దాలపాటు కనిపించిన త్రీనాట్‌త్రీ. దాని తూటాకు అడుగున పొడుచుకొనివచ్చిన అంచు ఉంటుంది. ఆ అంచే తూటాను ఆపుతుంది. యుద్ధభూమిలో బురద పట్టిన తూటా కూడా లోపలికి పోవలెనన్న ఉద్దేశంతో దాని అరను విశాలంగా తొలిచారు. సైనికునికి అది మేలే. అతడు గుల్లను మళ్లీ వాడడు. మళ్లీ వాడేవానికి మాత్రం ఆ విశాలతే శత్రువు. మూడు నాలుగు సార్లకే వలయం కనిపిస్తుంది. అంచుకూ బోల్టుకూ మధ్య ఎడాన్ని పరీక్షించడానికి ఆయుధాల మరమ్మతు చేసేవారు రెండు ఉక్కు బిళ్లలు వాడతారు. 0.064 అంగుళం బిళ్ల పెడితే బోల్టు మూసుకోవలె. 0.074 అంగుళం బిళ్ల పెడితే మూసుకోకూడదు. ఇంతే పరీక్ష. కొలత తెలియనివాడైనా ఈ రెండు బిళ్లలతో అవుననీ కాదనీ చెప్పగలడు. ఆ రైఫిలులోనే నాలుగవ నమూనాకు బోల్టు తలలను సున్న, ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి వేర్వేరు పొడవులలో తయారుచేశారు. ఎడం పెరిగితే తల మార్చేవారు. సైన్యపు ఆయుధాల మరమ్మతు బాధ్యత వహించే దళానికి చెందిన ఇంజనీరింగ్ కళాశాల మన తిరుమలగిరిలోనే ఉన్నది.

బెంగాలులోని ఇషాపూరు రైఫిలు కర్మాగారం ఈ వంశాన్ని మన దేశంలో కొనసాగించింది. 1962 చైనా యుద్ధం తరువాత అదే రూపాన్ని 7.62 తూటాకు అనువుగా మార్చి 2ఏ అనే రైఫిలును తయారుచేశారు. అర మారితే తుపాకి స్వభావమే మారుతుందనడానికి ఇషాపూరు మరొక ఉదాహరణ ఇచ్చింది. కాపలా విధులకని .303 రైఫిళ్లను .410 మస్కెట్లుగా మార్చారు. వాటి తూటా .303 గుల్లే, కాని భుజం, మెడ లేకుండా తిన్నగా ఉండేది. ఆ మస్కెట్టు ఎవరైనా ఎత్తుకొనిపోతే సైన్యపు .303 తూటాను అందులో వాడి ప్రయోజనం పొందలేరు. పౌరులకు .303 నిషిద్ధం గనుక వారికోసం .315 రైఫిలు వచ్చింది. దాని తూటాకు మూలం ఆస్ట్రియా దేశపు పాత 8 మిల్లీమీటర్ల మాన్‌లిషరు తూటా. అర కొలతే ఇక్కడ చట్టానికి కంచె అయినది.

గుల్లకు పొడవుతో పాటు మరొక వ్యాధి ఉన్నది. దాని చరిత్ర మన దేశానిదే. బ్రిటిషువారి కాలంలో మన దేశంలోని దండులలో వర్షాకాలంలో తూటాలను గుర్రపుశాలలలో దాచేవారు. వానలు వెలిసి బయటికి తీస్తే, ఎవరూ ముట్టకుండానే, మెడలు నిలువునా పగిలి ఉండేవి. వానకాలపు పగులు కనుక ఇంగ్లీషులో దీనికి ఋతువు పేరే పెట్టారు. కారణం చాలా కాలం తెలియలేదు. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు చిక్కు విప్పారు. గుర్రాల మూత్రంనుంచి పుట్టే అమోనియా తేమతో కలిసి, లాగి సాగదీసినప్పుడు ఇత్తడిలో మిగిలిపోయిన బిగువుమీద పని చేస్తుంది. రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా పగులు రాదు. గుర్రాలను దూరం చేయడమొక మార్గం. బిగువును తీసివేయడం రెండవ మార్గం. అది మన కంచరివారికి తరతరాలుగా తెలిసిన పనే. రేకును కొట్టి కొట్టి బిరుసెక్కితే కాల్చి మళ్లీ మెత్తబరుస్తారు. సైన్యపు తూటా మెడమీద నీలిమిశ్రమమైన రంగు ఛాయ కనిపిస్తే అది మురికి కాదు, అట్లా కాల్చిన గుర్తు. మళ్లీ మళ్లీ నింపేవారు కూడా మెడను అప్పుడప్పుడు కాల్చుకొంటారు. అడుగును మాత్రం కాల్చరు. అడుగు మెత్తబడితే 60 వేల పౌన్లను ఆపేది ఏదీ ఉండదు. ఇత్తడిని తళతళలాడించే అమోనియా ద్రావకాలతో గుల్లలను తోమకూడదన్న నియమానికి కూడా మూలం ఆ గుర్రపుశాలలే.

ఒక చిన్న విశేషం చెప్పి ముగిస్తాను. ప్రైమరులో రెండు జాతులున్నవి. ఇంగ్లీషువాడైన బాక్సర్ రూపొందించిన పద్ధతిలో గుల్ల అడుగున నడుమ ఒకే రంధ్రం. పుల్లతో పొడిస్తే పాత ప్రైమరు ఊడివస్తుంది. అమెరికావాడైన బెర్డన్ పద్ధతిలో రెండు చిన్న రంధ్రాలు పక్కలకు ఉంటాయి. దానిని ఊడదీయడం కష్టం. తమాషా ఏమంటే, ఇంగ్లీషువారి సైన్యం తన .303కు ఎక్కువగా వాడినది బెర్డన్ పద్ధతి. అమెరికా ప్రజలు బాక్సర్ పద్ధతిని తమది చేసుకొన్నారు. ఇంటింటా తూటాలు నింపుకొనే వ్యాసంగం అక్కడ వేళ్లూనడానికి ఇది కూడా ఒక కారణం. ఆ వ్యాసంగంలో ఆరితేరినవారి బల్లమీద, వెర్నియరు పక్కన, ఒక పటకారు తప్పక ఉంటుంది. తీగ తట్టుకొన్న గుల్ల, మెడ పగిలిన గుల్ల చేతికి రాగానే దాని మూతిని ఆ పటకారుతో నొక్కి చప్పిడి చేసి వేరే డబ్బాలో పడవేస్తారు, పొరపాటున కూడా ఎవరూ దానిలో మళ్లీ మందు పోయకుండా.